కొలువు మెట్ల కింది రైలు

మా ఆయన గూడ్సు బండి నడుపుతారు. రైల్వే క్వార్టర్లలో కాపురం చేసిన ఆడవాళ్ళకి ఈ ఒక్క మాట చెబితే చాలు, మిగతాదంతా వాళ్ళే చెప్పేస్తారు. తెలియనివాళ్ళకి నేను చెప్పాలి. పగటిపూట మా పడకగది కిటికీకి దుప్పటి కట్టి ఉంటుంది. ఆయన నిద్రలో ఉంటే కుక్కర్ విజిల్ వెయ్యకూడదు, మిక్సీ తిప్పకూడదు, తలుపు కొట్టినవాళ్ళతో గుమ్మంలోనే గుసగుసగా మాట్లాడి పంపించెయ్యాలి. ఎప్పుడు వెళ్తారో ఫోను మోగితేగానీ తెలీదు. ఎప్పుడొస్తారో వచ్చాకగానీ తెలీదు. నేను బ్యాంకులో పనిచేస్తాను. రోజంతా కౌంటర్లో కూచుని, షేరింగ్ ఆటోలో ఓ పక్కకి వేలాడుతూ సూరత్ ఉధ్నాలోని మా క్వార్టరు చేరేసరికి ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటారు. "పప్పులో ఉప్పు తగ్గింది" అని ఓ మాట అని వెళ్ళిపోతారు. మా కాపురంలో సగం సంభాషణ పప్పు గురించే నడిచింది.

కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగాల వెంట సూరత్ వచ్చాం. వచ్చి చాలా ఏళ్ళయింది. హిందీ వచ్చింది, గుజరాతీ కొంచెం వచ్చింది, పప్పులో బెల్లం వేసే ఇళ్ళలో మొహం చిట్లించకుండా తినడం వచ్చింది. ఇద్దరికీ ఒకే వేళకి నిద్ర రావడం మాత్రం రాలేదు.

డ్రైవర్లకి ఒక నియమం ఉంది. ఇప్పుడు వాళ్ళని లోకో పైలట్లనాలట. ఆయన మాత్రం డ్రైవరనే అంటారు. ఎదురుగా సిగ్నల్ కనపడగానే డ్రైవరు చెయ్యెత్తి చూపించి దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో తనూ చూసి, తన నోటితో తనూ చెప్పాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే బండి ముందుకి పోవాలి. కలవకపోతే ఇక ఎవరు పెద్ద, ఎవరు చిన్న అనే ప్రశ్న లేదు, బండిని అదుపులోకి తెచ్చెయ్యాలి. ఇంజన్లో ఉన్నంతసేపూ, ప్రతి సిగ్నల్ దగ్గరా ఇదే తంతు.

ఆ తంతు ఆయన స్కూటరు మీద కూడా వదిలిపెట్టలేదు. సూరత్‌లో చాలా కాలం ట్రాఫిక్ సిగ్నళ్ళు ఊరికే అలంకారానికి వెలిగేవి. ఈమధ్యే జనం గీత దగ్గర బుద్ధిగా ఆగడం నేర్చుకున్నారు. కొన్ని కూడళ్ళలో అయితే స్తంభం పొడుగునా దీపాల పట్టీ చుట్టి, మొత్తం స్తంభాన్నే ఎర్రగానో పసుపుగానో పచ్చగానో వెలిగిస్తున్నారు, అయినా చూడలేదనేవాళ్ళుంటే ఇంక దేవుడే దిక్కని కాబోలు. ఈయన మాత్రం ఎవరూ ఆగని రోజుల్లోనూ ఆగేవారు. వెనక ట్రక్కువాడు తిట్లందుకునేవాడు. ఈయన హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, ఎత్తి చూపించి "రెడ్" అనేవారు. వెనక కూచున్న నేను "రెడ్" అనాలి. అనకపోతే తల తిప్పి చూసేవారు. నా చేతిలో కూరల సంచి, భుజానికి బ్యాగు, కాళ్ళు పీకుతూ ఉండేవి.

"రెడ్డేనండీ బాబూ, నాకూ కళ్ళున్నాయి" అని ఒకసారి విసుక్కున్నాను.

"కళ్ళుంటే చాలదు. నోరు కూడా ఉండాలి" అన్నారాయన.

పిల్లలు లేరు మాకు. ఉంటే వాళ్ళు కూడా వెనక వరసగా కూచుని రెడ్డూ గ్రీనూ అని అరిచేవాళ్ళేమో. ఆయన లేనప్పుడు ఆ స్కూటరు నేను నడుపుతాను. ఆయన ఉంటే మాత్రం తాళం నా చేతికివ్వరు.

ఇక బొమ్మల కొలువు. దసరాకి నేను కొలువు పెడతాను. సూరత్‌లో ఆ రోజుల్లో ఊరంతా గర్బా ఆడుతుంది, మైకుల మోతకి ఇంట్లో గిన్నెలు కదులుతాయి. దాని మధ్యలో నేను ట్రంకు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టి, తెల్ల దుప్పటి పరిచి, మెట్లు చేసి బొమ్మలు నిలబెడతాను. అట్టడుగు మెట్టు ఆయన డ్యూటీకి మోసుకెళ్ళే పాత ఇనప పెట్టె. అమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మలున్నాయి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, దశావతారాలు, పెళ్ళివారి పల్లకీ. అవి అమ్మవి. నా పిచ్చి వేరు. నేను ఇళ్ళు పోగుచేస్తాను.

ఏ ఊరెళ్ళినా బొమ్మ ఇల్లు కనపడితే కొనకుండా రాలేను. మట్టి పెంకుటిల్లు, కచ్ వైపు గుండ్రటి గుడిసె, ఏటికొప్పాక లక్క గుడి, గంట గోపురం ఉన్న పింగాణీ చర్చి, వెనక బొక్కలోంచి దీపం పెడితే కిటికీలు వెలిగే అంగడి, బొటనవేలంత పోస్టాఫీసు. ఏడాదంతా అవి కట్‌పీసు గుడ్డల్లో చుట్టుకుని మంచం కింద పడుంటాయి. దసరాకి బయటికొస్తాయి. సొంతిల్లు కట్టుకునే తీరిక మాకెప్పుడూ దొరకలేదు. మంచం కింద మాత్రం నాకో ఊరుంది.

కొన్నేళ్ళ కిందట ఆయనకన్నా పెద్దవాడొక డ్రైవరు రిటైరై సామాను సర్దుకుంటూ, తన దగ్గరున్న బొమ్మ రైలు ఈయన చేతిలో పెట్టి వెళ్ళాడు. కరెంటుతో నడిచేది, ఇంజనూ, పెట్టెలూ, పట్టాలూ అన్నీ ఉన్నాయి. వేగం పెంచడానికీ తగ్గించడానికీ నాబ్ ఉన్న చిన్న పెట్టె ఒకటి. ఆ పూట ఆయన నిద్ర మానేసి నేల మీద పట్టాలు పరుచుకున్నారు. బయట రోజూ తోలేది చాలక ఇంట్లో కూడానా అన్నాను. ఆయన వినలేదు, వినిపించుకునే స్థితిలో లేరు. ఆ దసరాకి రైలు కొలువులోకి వచ్చి తీరాలని పట్టుబట్టారు.

రైలునీ ఊరినీ కలపడం అనుకున్నంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. దేని కొలత దానిదే. రైలు పక్కన నిలబెడితే మా గీతకార్మికుడు ఇంజనుకి రెండింతలున్నాడు. "మీ వాడు చెట్టు దిగి ఒక్క తన్ను తన్నాడంటే నా బండి పట్టాలు తప్పుతుంది" అన్నారాయన. నా చర్చి తలుపులోంచి రైలు గార్డు బొమ్మ దూరదు, నా పోస్టాఫీసు రైలుపెట్టెలో సగం కూడా లేదు. ఇద్దరం ఒకటి రెండు రోజులు మాట్లాడుకోలేదు, మా లెక్కన అది పెద్ద తేడా కాదు. చివరికి ఆయనే దారి కనిపెట్టారు. పెద్ద బొమ్మలు మెట్ల మీదే ఉంటాయి. మెట్ల ముందు నేల మీద ప్లైవుడ్ చెక్క వేసి ఊరు పెట్టాం. పెద్ద ఇళ్ళు ముందు వరసలో, వాటి వెనక మధ్యరకం, అన్నిటికన్నా చిన్నవి అవతల గట్టు మీద. రైలు మధ్యరకం ఇళ్ళ మధ్యలోంచి పోతుంది. చిన్న ఇళ్ళు చిన్నవిగా కాక దూరంగా ఉన్నట్టు కనిపించాయి.

"కన్నుని మోసం చెయ్యడం ఇంత సులువు" అన్నారు ఆయన సంబరంగా.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఊరు పెరిగింది. మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ పాండేసర నుంచి వస్తుంది. కరీంనగర్ వైపు మనిషి, ఆమె మొగుడు అక్కడే రంగులద్దే మిల్లులో పనిచేస్తాడు. నూలు చుట్టే అట్ట కోన్లు ఆవిడే తెచ్చిచ్చింది, బోర్లిస్తే స్టేషనుకి నీళ్ళ ట్యాంకైంది. అగ్గిపుల్లలకి జరీ పోగులు చుట్టి మనుషుల్ని నేను చేశాను. ఆ మనుషులకి మొహాలు లేవు, కానీ దూరంనించి చూస్తే ప్లాట్‌ఫారం నిండా జనం. ఏడాది పొడుగునా ఇద్దరం కలిసి చేసే పని అదొక్కటే. దసరా ముందు ఆయనకి డ్యూటీ లేని పూట, నాకు సెలవున్న పూట, రెండూ కలిసొస్తే చెక్క ముందు కూచునేవాళ్ళం. అలసట అప్పుడు కూడా ఉండేది. కానీ ఆ అలసటలో పక్కన మనిషి ఉండేవాడు.

పోయిన దసరా సంగతి చెప్పాలి.

ఆ ఏడు ఊరికి చెట్లు కావాలన్నారాయన. స్పాంజి ముక్కలు తుంచి, రంగులో ముంచి, పుల్లలకి గుచ్చితే చెట్లు. పనావిడ మొగుడు మిల్లు నుంచి రంగుల పొడులు చిన్న చిన్న పొట్లాల్లో పంపించాడు. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఆయన బకెట్టు ముందేసుకుని చెట్లన్నీ తయారుచేసి, గట్టు మీద, చెరువు చుట్టూ, గుడి వెనకాల నాటేసి, చేతులు తుడుచుకుంటున్నారు. మొహంలో ఎంతో తృప్తి. నేను చూశాను. చెట్లన్నీ ఆవపిండి రంగులో ఉన్నాయి.

ఏమంటే ఏం గొడవోనని ఊరుకున్నాను. పనావిడ ఊరుకునే రకం కాదు. మర్నాడు చీపురుతో లోపలికి వస్తూనే నవ్వింది.

"ఏంది అక్కా గిట్ల జేసిండు సారు? ఊరికి కరువొచ్చిందా? చెట్లన్నీ ఎండిపోయినయ్ గదా!"

ఆయన పేపరు చూస్తున్నారు. లేచి వచ్చి చెట్ల వైపు వంగి చూశారు. ఒక చెట్టు పీకి కిటికీ దగ్గర పట్టుకుని చూశారు.

"ఎండాకాలం పెట్టాను" అన్నారు.

"దసరా పండుగకు ఎండాకాలమా సారూ! ఆకుపచ్చ పొడి గూడ ఉన్నది గదా పొట్లంల. మా ఆయన నాలుగు రంగులు పంపిండు."

"ఆ రంగు అయిపోయింది" అన్నారాయన. ఆకుపచ్చ పొట్లం కిటికీ గట్టు మీద విప్పకుండానే ఉంది. అది నేనూ చూశాను, ఆవిడా చూసింది. పెద్దమనిషి మొండితనమనుకున్నాం ఇద్దరం. మగవాళ్ళు తప్పు చేసి దానికో సిద్ధాంతం చెప్పడం కొత్త కాదు కదా. నైవేద్యానికి ఆయన తెచ్చిన అరటిపళ్ళు పచ్చికాయలు. మగ్గాయన్నారు. మగ్గలేదు. ఆ రోజు దానికీ విసుక్కుని వదిలేశాను.

చెట్లు కాక ఆ ఏటి కొత్త హంగు సిగ్నల్. ఊరు మొదట్లో సన్నటి స్తంభం, దాని మీద దీపం. అసలు సిగ్నల్లో ఏ రంగుకా రంగు వేరే దీపం ఉంటుంది, ఒకటి పైన, ఒకటి కింద. అంత సన్న స్తంభానికి అన్ని దీపాలు పట్టలేదు. అందుకని మూడు రంగులూ మారే ఒకే దీపం బజార్లో దొరికితే అది పెట్టారు. దాని మీట కొలువు పక్కన నా చేతి దగ్గర. నేను స్టేషన్ మాస్టర్ని. ఆయన నాబ్ పట్టుకుని డ్రైవరు. ఎర్రదీపమైతే ఆగాలి, పసుపు అయితే నెమ్మదించి వంపు దగ్గరకి రావాలి, పచ్చదైతే వేగంగా పోవాలి. పేరంటానికి వచ్చినవాళ్ళ ముందు ఆయన చెయ్యెత్తి రంగు చెప్పేవారు, నేను తిరిగి చెప్పేదాన్ని. పిల్లలకి అదో నాటకం.

మొదటి రోజు పేరంటంలో నేను పసుపు పెట్టాను. ఆయన చెయ్యెత్తి "గ్రీన్" అని నాబ్ తిప్పేశారు. నోరు అలవాటు కొద్దీ నేను కూడా "గ్రీన్" అనేశాను. రైలు వంపులో జారి గుడి మీద పడింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పిల్లల కోసం కావాలని పడేశారేమోననుకున్నాను. నవ్వుతూ శనగలు పంచాను.

మర్నాడూ అంతే జరిగింది. ఈసారి నేను నవ్వలేదు. కౌంటర్లో కూచుని కూడా అదే గుర్తొచ్చింది. చెట్లు, అరటికాయలు, సిగ్నల్. మూడూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎదురుగా డ్రాఫ్టు కోసం నిలబడ్డ ముసలాయన "బెన్, ఓ బెన్" అని గుజరాతీలో చెల్లీ అన్నట్టు పిలుస్తుంటే నాకు వినపడలేదు.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం నాకు సెలవు. ఆయన నిద్ర లేచి టీ తాగారు. "పేరంటానికి ముందు ఒకసారి నడిపి చూద్దామా, నిన్న పట్టా వదులైనట్టుంది" అన్నాను. ఆయన కూచున్నారు. నేను మీట తిప్పాను.

ఎర్రదీపం. "రెడ్" అన్నారు. సరే.

పసుపు. "గ్రీన్" అన్నారు.

పచ్చ. "గ్రీన్" అన్నారు.

మళ్ళీ పసుపు పెట్టాను. ఈసారి చాలాసేపు చూశారు. దీపం వైపే కాదు, నా మొహం వైపు కూడా ఓసారి చూశారు. "ఎల్లో" అన్నారు. అది చూసి చెప్పింది కాదు, అడిగి చెప్పినట్టుంది.

"పట్టా బానే ఉంది" అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళాను. శనగలు నానేసిన గిన్నె ముందు నిలబడ్డాను.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఇన్నేళ్ళు ఎండలో, వానలో, వెనక ట్రక్కువాళ్ళ తిట్లు వింటూ నాతో రెడ్డూ గ్రీనూ అనిపించిన మనిషి. భయం తర్వాత వచ్చింది. ఆయన వెనక ఉండేది బొమ్మ రైలు కాదు. కొండంత బొగ్గు, ఆగమన్నా చాలా దూరం పోతేగానీ ఆగని బండి. పొద్దున్నే పాండేసర మిల్లులకి షిఫ్టుకెళ్ళే జనం చేతిలో టిఫిను డబ్బాలతో పట్టాలు దాటుతుంటారు. మా పనావిడ మొగుడు కూడా దాటుతాడు. ఈ భయం కింద ఇంకోటి కూడా ఉంది, దాన్ని చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆయన్ని బండి నడిపే డ్యూటీ నించి తీసేస్తే రాత్రిళ్ళు ఇంట్లో పడుకుంటారు. పగలు కుక్కర్ విజిల్ వేసుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చి, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది.

కానీ ఆయనకి? ఇంజన్లోంచి దింపి ఆఫీసులో ఓ మూల కుర్చీ వేసి కూచోబెడితే ఆ మనిషి ఏమవుతారో నాకు తెలుసు. అలా దిగినవాళ్ళని చూశాను. టీలు తాగుతూ, ఏ బండి ఏ వేళకి పోయిందో కిటికీలోంచి వింటూ ఉంటారు. ఏటేటా జరిగే మెడికల్ పరీక్ష పండగ వెళ్ళగానే ఉంది. అప్పుడెలాగూ బయటపడుతుంది కదా, నేనెందుకు నోరు విప్పాలి అనుకున్నాను. నాకు ఓపిక లేదు. మొగుడి కళ్ళ మీద మొగుడితోనే తగువు పెట్టుకునే ఓపిక అసలు లేదు.

సాయంత్రం పేరంటానికి క్వార్టర్లలో తెలుగువాళ్ళు వచ్చారు, కింది వాటా గుజరాతీ బెన్ గర్బాకి తయారై చనియా చోళీతో వచ్చింది, పనావిడ కూతురితో వచ్చింది. పసుపు కుంకుమలు ఇస్తున్నాను. అప్పుడు ఫోను మోగింది. ఆయన వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చారు.

"రేపు పొద్దున్నే డ్యూటీకి రమ్మన్నారు" అన్నారు నాతో. "టిఫిను డబ్బా పెట్టు."

నా చేతిలో కుంకుమ భరిణె ఉంది. మూత పెట్టడం మర్చిపోయాను.

పిల్లలు రైలు రైలు అని గోల మొదలుపెట్టారు. ఆయన చెక్క ముందు కూచున్నారు. నేను నా చోట కూచున్నాను. మీట పసుపు మీద పెట్టాను. ఇక ఆలోచించలేదు. రైలు చర్చి దాటింది, అంగడి దాటింది, నీళ్ళ ట్యాంకు వైపు వస్తోంది. ఆయన చెయ్యెత్తారు.

"గ్రీన్."

అందరూ నా వైపు చూశారు, నేను తిరిగి చెప్పాలి కదా.

"ఎల్లో" అన్నాను.

నాబ్ మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ చూశారు దీపాన్ని. మెడ కొంచెం ముందుకి చాపి చూశారు.

"గ్రీన్" అన్నారు. గొంతు ఇందాకంత గట్టిగా లేదు.

"ఎల్లో" అన్నాను.

జనం నవ్వారు. మొగుడూ పెళ్ళాల సరసమనుకున్నారు. బెన్ చప్పట్లు కొట్టింది. పనావిడ చేతిలో శనగల పొట్లం పట్టుకుని అక్కణ్ణించే అరిచింది.

"అక్క చెప్పిందే కరెక్టు సారూ! పసుపుపచ్చగనే ఉన్నది గదా, జర చూడుండ్రి!"

ఆయన నాబ్ వెనక్కి తిప్పారు. రైలు నెమ్మదించి, ట్యాంకు పక్కన, నా జరీ మనుషుల ముందు ఆగింది. చాలా మెత్తగా ఆపారు, ఒక్క పెట్టె కూడా కదల్లేదు. "బండి ఇంతే ఈ పూటకి" అన్నారు పిల్లలతో. లేచి లోపలికి వెళ్ళిపోయారు.

జనం తాంబూలాలు తీసుకుని, గర్బా మైకు మొదలవగానే వెళ్ళిపోయారు. నేను ప్లేట్లు తీస్తుంటే ఆయన వచ్చి మళ్ళీ చెక్క ముందు కూచున్నారు. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"చెట్లు కూడా పసుపేనా?" అన్నారు.

"ఆవపిండి రంగు."

"ఎండిపోయినట్టున్నాయా?"

"బానే ఉన్నాయి. ఎండాకాలం ఊరులాగే ఉంది" అన్నాను. అబద్ధం కాదు, ఓదార్పూ కాదు. ఇంకేం అనాలో తెలీలేదు. "ఎప్పట్నించి?"

"చలికాలంలో మొదలైంది. పగలు ఫరవాలేదు. ఏ దీపం పైన వెలుగుతోందో, ఏది కింద వెలుగుతోందో చూసి చెప్పేస్తా. చీకట్లో దూరం నించి అన్నీ ఒక్క చుక్కే."

"మరి ఎలా నడుపుతున్నారండీ?"

ఆయన నా వైపు చూడలేదు. "అసిస్టెంటు మంచివాడు. చురుకు. ఈమధ్య ముందు వాణ్ణే చెప్పనిస్తున్నా. వాడు చెప్పాక నేను చెబుతున్నా."

నేను ప్లేట్లు కింద పెట్టి కూచున్నాను. ఇద్దరు చూడాల్సిన చోట ఇన్ని నెలలుగా ఒక్కడే చూస్తున్నాడు, పాపం ఆ సంగతి వాడికి తెలీదు. వాడు తన డ్రైవరు కూడా చూశాడనే అనుకుంటున్నాడు. ఏదో ఓ రోజు వాడికి కునుకు పడితే చాలు.

"కొద్ది కాలం ఆగితే రిటైరయ్యేవాణ్ణి" అన్నారు. "ఒక్క మచ్చ లేకుండా దిగుదామనుకున్నా. ఇంతవరకూ ఎర్రదీపం దాటలేదు నేను. ఒక్కసారి కూడా."

"రేపు దాటితే?"

ఆయన గట్టు మీద ఒరిగిన చెట్టొకటి నిటారుగా నిలబెట్టారు.

"కళ్ళుంటే చాలదు, నోరుండాలి అనేవారు మీరు" అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. "నాకు నోరుంది కాబట్టి చెబుతున్నా. రేపు మీరు బండెక్కితే నేను స్టేషనుకొచ్చి అందరి ముందూ చెబుతాను."

ఆయన ఫోను తీసి డయల్ చేశారు. "సాబ్, తబియత్ ఠీక్ నహీ. బుఖార్ హై" అన్నారు. ఒంట్లో బాలేదు, జ్వరమట. పెట్టేశారు. మనిషి ఒళ్ళు చల్లగానే ఉంది. జ్వరమని చెబితే రెండు రోజులు మిగులుతాయి, అంతే. మూడో రోజు మళ్ళీ బండి. నాకు మళ్ళీ మాట్లాడే ఓపిక లేక పడుకున్నాను. ఆయన పక్కనే పడుకున్నారు. ఇన్నేళ్ళకి ఇద్దరం ఒకే వేళకి పక్క ఎక్కాం. ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

పొద్దున రైల్వే డాక్టరు దగ్గరకి బయల్దేరాం. సిక్ అని చెబితే ఆ కాగితం కోసం ఎలాగూ వెళ్ళాలి. "డాక్టరుతో ఏం చెబుతారు?" అని టీ ఇస్తూ అడిగాను. "చూద్దాం" అన్నారు. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే మళ్ళీ అడిగాను. "చూద్దామన్నాగా" అన్నారు. కింద స్కూటరు దగ్గరకి వెళ్ళాక జేబులోంచి తాళం తీసి, చేతిలో కాసేపు ఆడించి, నాకిచ్చారు. నేను ముందు, ఆయన వెనక. ఆ బరువు నాకు అలవాటు లేదు, గేటు దగ్గరే బండి ఓ పక్కకి ఒరిగింది. ఆయన కాలు ఆనించి ఆపారు.

రోడ్డు మీద షిఫ్టు జనం సైకిళ్ళ మీద పాండేసర వైపు పోతున్నారు. ముందు కూడలిలో స్తంభానికి దీపాల పట్టీ ఉంది. దూరం నించే చూశాను. స్తంభమంతా పచ్చగా ఉంది. మేము దగ్గరయ్యేసరికి స్తంభమంతా రంగు మారింది, పైనా కిందా అని పోల్చుకోవడానికేం లేదు. వేగం పెంచితే దాటిపోవచ్చు. వెనక ట్రక్కు దాటెయ్యమని తరుముతోంది.

"ఎల్లో" అన్నాను, ఇన్నేళ్ళ అలవాటుతో.

వెనక నించి ఏమీ రాలేదు. నా మాటే తిరిగి చెబుతారనుకున్నాను, ఆ అసిస్టెంటు దగ్గర చెప్పినట్టు. చెప్పి ఉంటే డాక్టరు ముందు కూడా జ్వరమనే చెప్పేవారు. అప్పుడు నా భుజం మీద ఆయన చెయ్యి పడింది.

"నాకు గ్రీన్ కనపడుతోంది" అన్నారు. "మాట కలవలేదు. ఆపు."

ఆపాను. వెనక ట్రక్కువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. డాక్టరుతో ఏం చెబుతారని నేను మళ్ళీ అడగలేదు.